సవరణ: ముందు ఫోర్కుల రీకాల్‌లో ఉచితంగా మారేది ఏది?

బైకు ముందు ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టి ఉంచి కుదుపులను తట్టుకునే గొట్టాల) రీకాల్, అంటే తయారీ లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిపించి బాగుచేయడం గురించిన గత టపాలో "సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే ఆయిల్ సీళ్లు ఉచితంగా మార్చి ఇస్తారు" అని ఉన్న వాక్యాన్ని "కంపెనీ నోటీసులో పేర్కొన్న లోపమున్న భాగాన్ని మాత్రమే ఉచితంగా బాగుచేసి లేదా మార్చి ఇస్తారు" అని సవరించి చదువుకోవాలని మనవి.

ఈ తేడా చిన్నది కాదు. ఫోర్కులోని ఆయిల్‌ను బయటకు రానివ్వని సీలు అరిగి గొట్టం మీద ఆయిల్ కారడం ఏ బండికైనా వాడకంలో వచ్చేదే, గ్రానైట్ లారీలు తిరిగే కరీంనగర్ వైపు దుమ్ము రోడ్ల మీద మరింత త్వరగా వస్తుంది. రీకాల్ మాత్రం తయారీలోనే దొర్లిన లోపానికి సంబంధించినది, అలాంటి బండికి చుక్క ఆయిల్ కూడా కారకపోవచ్చు. కనుక పైకి ఏమీ కనబడటం లేదని తనిఖీని దయచేసి వాయిదా వేయకండి.

హన్మకొండ మిత్రులు అడిగిన సెకండ్ హ్యాండ్ బండ్లకూ ఇది వర్తిస్తుంది. రీకాల్‌ను నిర్ణయించేది యజమాని పేరు కాదు, 17 అక్షరాలు, అంకెలు కలిసిన ఛాసిస్ నంబరు; అయితే సమాచారం మొదట కొన్నవారి ఫోన్‌కే వెళ్లే అవకాశం ఎక్కువ కాబట్టి, హైదరాబాద్‌లో కొని తెచ్చుకున్నవారు ఆర్‌సీలోని నంబరు చూపి స్వయంగా విచారించుకోవాలి.

మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 110ఏ సెక్షన్, లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించమని తయారీదారును ఆదేశించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది.

తనిఖీ అయ్యేదాకా ఫోర్కులను బయట విప్పించకపోవడమే మేలు; తప్పనిసరైతే తీసిన భాగాలనూ బిల్లునూ భద్రంగా ఉంచుకోండి.