792 నంబరు కార్డు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ 1987 టాప్స్ బేస్‌బాల్ సెట్టు, 792వ నంబరు చెక్‌లిస్టు కార్డు గారి సముఖానికి,

న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్ నుంచి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మీ తోబుట్టువులు 791 మందీ క్షేమం. అక్కడ తమరు క్షేమమని తలుస్తాను. అక్కడ అంటే ఎక్కడో తెలీకే రెండేళ్ళుగా నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

మర్యాదలు ఇక్కడితో చాలు. ఇకనుంచి నువ్వు అనే అంటాను. పది సెంట్లు కూడా చెయ్యని అట్టముక్కకి ఇంతకంటే గౌరవం ఇస్తే మా ఆవిడ నవ్వుతుంది. ఇప్పటికే నవ్వుతోంది.

టాప్స్ కంపెనీ బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలు వేసి, పిల్లలు పోగుచేసుకోడానికి ప్యాకెట్లలో అమ్మిన 792 కార్డుల్లో నువ్వొకదానివి. అసలు నీ మీద ఆటగాడి బొమ్మ కూడా లేదు. తర్వాత పేరుమోసిన బ్యారీ బాండ్స్ కుర్రతనంలో ఉన్న కార్డు పోయిందంటే ఏడవడానికి అర్థముంది. మార్క్ మెక్‌గ్వైర్ పోయినా నలుగురితో చెప్పుకోవచ్చు. నువ్వెవరు? రేషన్ షాపు గోడకి అతికించిన లబ్ధిదారుల జాబితా లాంటిదానివి. 661 నుంచి 792 దాకా పేర్లు, పేరు పేరుకీ పక్కన టిక్కు పెట్టుకోడానికి చిన్న గడి. మళ్ళీ ఆ 132 పేర్లలో చివరిది నీదే! క్లాసు లీడరు అందరి హాజరూ పిలిచి, ఆఖర్న తన పేరు తనే పిలుచుకుని "ప్రెజెంట్ సార్" అనుకున్నట్టు, నీకు నువ్వే ఒక గడి కేటాయించుకున్నావు. ఇప్పుడా గడి నింపాలంటే నువ్వుండాలి, నువ్వున్నావో లేదో చూసుకోవాలన్నా నువ్వే ఉండాలి.

మన పరిచయం నీకు గుర్తుండకపోవచ్చు. 2006 ఎండాకాలంలో మా వీధి చివర ఒక ఇంటి ముందు గరాజ్ సేల్ పెట్టారు. పొడుగాటి తెల్ల అట్టపెట్టెలు మూడు, మొత్తం ఇరవై డాలర్లు. అమ్మిన పెద్దావిడ వాటిని నా కారు డిక్కీలో పెట్టిస్తూ, మా వాడి కాలేజీ ఫీజుకి పనికొస్తాయని ఇన్నేళ్ళు దాచామయ్యా అంది. వాడు కాలేజీకి అప్పు చేసి వెళ్ళొచ్చాడట. ఆ మాట విన్నాకయినా నేను పెట్టెలు అక్కడే దింపేసి రావలసింది.

దింపలేదు. ఎందుకంటే పైన ఉన్న కార్డు వాసన చూశాను. ఆ రోజుల్లో ప్యాకెట్లో కార్డులతోపాటు గులాబీ రంగు చూయింగ్ గమ్ము బిళ్ళ ఒకటి పెట్టేవాళ్ళు. అందుకని ఒక్కో కార్డు వెనక జిడ్డు మరక, పాత బడ్డీకొట్టు వాసన. ఒక్క క్షణం తెనాలి వెళ్ళిపోయాను. మేం పిల్లలప్పుడు బడ్డీకొట్ల ముందు సిగరెట్టు పెట్టెలు ఏరేవాళ్ళం. పైఅట్ట చింపి, చార్మినార్‌కి ఇంత, సిజర్స్‌కి ఇంత అని రేటు కట్టి, పందెం కాసి ఆడేవాళ్ళం. నా దగ్గర ఒక బూట్ల డబ్బా నిండా ఉండేవి, రకానికొక కట్ట చొప్పున. ఆరో తరగతిలో ఒక భోగినాడు తెల్లారగట్ల మా అమ్మ ఆ డబ్బాని విరిగిన కుర్చీతో కలిపి మంటలో పడేసింది. పాతవి పడేస్తే మంచిదని ఆవిడ నమ్మకం. నేను లేచేసరికి బూడిద.

అమెరికాకి వచ్చాక తెలిసింది, ఈ బాధ నాకొక్కడికే కాదని. ఇక్కడ అరవై దాటిన ఏ పెద్దమనిషిని కదిపినా, "నా కార్డులన్నీ మా అమ్మ పారేసింది, లేకపోతేనా" అని మొదలుపెడతాడు. భోగి లేదన్న మాటే గానీ అమ్మలు ఒక్కటే. మొదట్లో ఈ కార్డులు పుట్టిందీ సిగరెట్టు పెట్టెల్లోనే. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్లలో పెట్టిన వాటిలో హోనస్ వాగ్నర్ అనే పిట్స్‌బర్గ్ ఆటగాడి కార్డుంది. ఆయన ఒప్పుకోకపోవడంతో దాన్ని కొద్దిగా వేసి ఆపేశారు. అందులో ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకి చేతులు మారింది. నా చార్మినార్ అట్టల సంగతి తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

నువ్వెందుకింత చవకయ్యావో కూడా చెప్పనీ, నీకెవరూ చెప్పి ఉండరు. 1952లో ఇదే టాప్స్ కంపెనీ వేసిన కార్డులు చివర్లో అమ్ముడుపోక గోడౌన్లో మిగిలిపోయాయి. ఆ సెట్టు తయారుచేసిన సై బెర్గరే తర్వాత చెప్పాడు, 1960లో వాటిని చెత్త పడవకెక్కించి తీసుకెళ్ళి అట్లాంటిక్ సముద్రంలో కలిపేశామని. వినాయక నిమజ్జనం లాగా, కాకపోతే మేళతాళాలు లేవు. సముద్రం కొన్ని మింగింది, అమ్మలు కొన్ని పారేశారు, మిగిలినవి బంగారమయ్యాయి. ఆ సెట్టులోని మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి 2022 వేలంలో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. పాత కార్డుల ధరలు అప్పటికే ఎగబాకడం చూసి ఎనభైల్లోనే దేశం దేశమంతా బుద్ధి తెచ్చుకుంది. పిల్లలు ఆడుకోవడం మానేసి కార్డులు దాచారు, తండ్రులు పెట్టెలకి పెట్టెలు కొని దాచారు, అమ్మలు కూడా పారెయ్యడం మానేసి అటకెక్కించారు. కంపెనీలు ఊరుకుంటాయా, అడిగినన్ని అచ్చేశాయి. ఎవరూ పారెయ్యకపోతే దేనికి ధర వస్తుంది? మీ కాలానికి ఇక్కడ పెట్టిన పేరు 'జంక్ వ్యాక్స్'. మైనపు కాగితంలో చుట్టిన చెత్త అని. నేనన్న మాట కాదు, నా మీద అలగకు.

సరే, ధర లేదు. అయితే సర్దుదాం అనుకున్నాను. డబ్బు రాని పనిని మనవాళ్ళు హాబీ అంటారు, ఇంట్లోవాళ్ళు పిచ్చంటారు.

సర్దడం అంటే ఏమనుకున్నావు. ముందు వందల లెక్కన ఎనిమిది కుప్పలు. ఒక్కో వందనీ మళ్ళీ పదుల్లోకి. ఆ పదిని చేతిలో పేకముక్కల్లా పట్టుకుని వరస. ఇదంతా డైనింగ్ టేబుల్ మీద, అన్నాలవేళకి తీసేస్తానని ఒట్టేసి. మూడోసారి కుప్పలు పోసినప్పుడు మా అమ్మాయి, అప్పటికి ఆరేళ్ళది, నేను ఫోన్ మాట్లాడి వచ్చేలోగా అన్నీ కలిపేసి రెండే కుప్పలు చేసింది. మీసాలున్నవాళ్ళు, లేనివాళ్ళు. 1987 నాటి బేస్‌బాల్లో మీసం ఎంత బలంగా ఉండేదో ఆ రోజు నాకు అర్థమైంది. నాన్నా, వీళ్ళకి సగం సగం ఉంది, ఎటు వెయ్యాలి అని అడిగింది కూడా. ఇప్పుడది కాలేజీలో చదువుతోంది. ఆ వర్గీకరణ నాదానికంటే మెరుగని ఇప్పటికీ వాదిస్తుంది.

అలా జట్ల వారీగా కొన్నాళ్ళు, అక్షరమాల వరసలో కొన్నాళ్ళు, మళ్ళీ నంబర్లలోకి. మధ్యలో ఉద్యోగాలు మారాను, ఇల్లు మారాను, పెట్టెలు నా వెంటే వచ్చాయి. మిగతా అయిదు చెక్‌లిస్టుల మీదా పాత యజమాని, అంటే ఆ అప్పు చేసి చదివిన కుర్రాడు, పెన్సిలుతో టిక్కులు కొట్టేశాడు. ఆరోదానికొచ్చేసరికి వాడికి విసుగొచ్చినట్టుంది, నీ జోలికి రాలేదు. గడులన్నీ తెల్లగా, కన్నెపిల్లలా ఉండేదానివి. పాత చెక్‌లిస్టుల్లో టిక్కులు పడనివాటికి కాస్త ఎక్కువ ఇస్తారులే, అరవైల నాటివైతే మరీనూ. నీకు ఎక్కువ ఇచ్చినా పది సెంట్లు పదిహేను అవుతుంది, అది వేరే విషయం. నాకు మాత్రం నువ్వంటే ముచ్చటగా ఉండేది.

ఇలా పదిహేడేళ్ళు గడిచాక మా మామగారు వచ్చారు.

విజిటర్ వీసా మీద ఆరు నెలలు, అందులో నాలుగు నెలలు చలికాలం. బయట మోకాలి లోతు మంచు, మాట్లాడ్డానికి మనిషి లేడు, టీవీలో వచ్చిన సీరియలే వస్తోంది. ఆయన 34 ఏళ్ళు తహసీల్దారు ఆఫీసులో రికార్డు సెక్షన్ చూసిన మనిషి. బేస్‌మెంట్లో నా పెట్టెలు చూడగానే ఆయన కళ్ళలో వచ్చిన వెలుగు మనవరాలిని చూసినప్పుడు కూడా రాలేదు. "ఇవన్నీ పెండింగా అల్లుడుగారూ?" అన్నారు. అవునండీ అన్నాను.

పదకొండు రోజులు. నేను పదిహేడేళ్ళలో చెయ్యలేనిది ఆయన పదకొండు రోజుల్లో తేల్చేశారు. ఒక్క నంబరు తప్పులేదు. కాకపోతే నేను ఆఫీసు నుంచి వచ్చి చూసేసరికి ప్రతి వందా ఒక కట్ట, ప్రతి కట్టకీ అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి రబ్బరు బ్యాండ్లు, బిగించి! కార్డులు సేకరించేవాడికి రబ్బరు బ్యాండు చూపించడమంటే కోనసీమ రైతుకి తుపాను చూపించడమే. అంచులు నొక్కుకుపోతాయి, మూలలు చచ్చిపోతాయి. గ్రేడింగ్ కంపెనీలు పదికి మార్కులేసేటప్పుడు భూతద్దం పెట్టి చూసేది ఆ మూలల్నే. ఆయన మాత్రం చేతులు దులుపుకుంటూ, కొరికిన పాన్ నములుతున్నట్టు తృప్తిగా నిలబడ్డారు. నేనేమన్నాను? "చాలా బాగున్నాయండి మామయ్యగారూ" అన్నాను. నువ్వైతే ఏమనేదానివి?

ఆయన విమానమెక్కాక రబ్బరు బ్యాండ్లు తీసి, ఒక్కో షీటుకి తొమ్మిది జేబులుండే ప్లాస్టిక్ షీట్లు తెచ్చి అన్నిటినీ ఆల్బంలో పెట్టాను. 792ని తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 88, శేషం సున్నా. ఇంత పొందిక చూసి ముచ్చటపడ్డాను. 88వ షీటులో మొదటి జేబులో 784, కాల్ రిప్కెన్. ఎవరనుకున్నావు, ఒక్కరోజు కూడా నాగా పెట్టకుండా వరసగా 2,632 మ్యాచ్‌లు ఆడినవాడు. అదే షీటు చివరి జేబు ఖాళీ. నీది. ఒకే ఇంట్లో అన్న ఒకలా, చెల్లెలు ఒకలా!

ఎక్కడెక్కడ వెతికానో చెప్పుకుంటే పరువు పోతుంది. సోఫా కింద, వ్యాక్యూమ్ క్లీనర్ సంచీలో, ఆవకాయ జాడీ కింద వేసిన కాగితాల్లో. మా ఆవిడ చూసి చూసి, "ఏవండీ, మొత్తం సెట్టు కొత్తది పాతిక ముప్ఫై డాలర్లకి అమ్ముతున్నారు, కొని పారేస్తాను, మళ్ళీ మనుషుల్లో పడండి" అంది. వద్దన్నాను. కొనుక్కుంటే షాపింగ్ అవుతుంది గానీ సేకరణ ఎలా అవుతుంది? ఆవిడ నా వైపు చూసిన చూపు గురించి రాయను.

జెఫర్సన్ బర్డిక్ అని ఒకాయన ఉండేవాడు, సిరక్యూస్‌లో. ఆయన్ని తలుచుకునే ధైర్యం తెచ్చుకుంటున్నాను. పెళ్ళి చేసుకోలేదు, కీళ్ళవాతంతో వేళ్ళు వంగేవి కావు. ఆ వేళ్ళతోనే 3 లక్షలకు పైగా కార్డుల్నీ, ముద్రించిన చిన్నాచితకా కాగితాల్నీ పోగుచేసి, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేసి, అక్కడే ఒక బల్ల దగ్గర కూర్చుని ఏళ్ళ తరబడి ఆల్బముల్లో అంటించాడు. వాగ్నర్ కార్డున్న సెట్టుని అందరూ టీ206 అంటారే, ఆ నంబరు ఆయన కేటలాగులో ఇచ్చిందే. 1963 జనవరిలో పని పూర్తయింది. మార్చిలో పోయాడు. ఈ సంగతి మా ఆవిడకి చెప్పి నా హాబీకి కాస్త గౌరవం తెద్దామనుకున్నాను. "పూర్తవగానే పోయాడా? అయితే మీది అలా వదిలెయ్యండి" అంది.

ఈ ఉత్తరం ఇక్కడిదాకా రాసి శనివారం రాత్రి పడుకున్నాను. మిగతాది ఆదివారం పొద్దున తెనాలికి వీడియో కాల్ చేశాక రాస్తున్నాను.

అత్తగారు నిమ్మకాయ పచ్చడి సంగతి చెబుతుంటే వెనకాల మామగారు బీరువా తెరిచి, కరెంటు బిల్లులూ ఇంటిపన్ను రసీదులూ పెట్టుకునే ఫైలు తీసుకొచ్చారు. మీకొకటి చూపించాలి, ఎప్పుడూ మర్చిపోతున్నాను అంటూ ఫోన్ ముందు పెట్టారు. చెక్క పలకలాంటి అంచు. ప్లాస్టిక్ కవరులో. నువ్వే.

"అయిదు లిస్టులు ఎవరో చెక్ చేసేశారు అల్లుడుగారూ, ఇదొక్కటే పెండింగ్ ఉంది. అందుకని నేనే పూర్తిచేశాను. సరుకు అప్పగించినవాడి దగ్గర లిస్టు ఉండాలి కదా, రేపెవరైనా అడిగితే."

ఎర్ర బాల్‌పెన్నుతో కొట్టారు. గడి దాటకుండా, ఒక్కటీ చెరిగిపోకుండా, రికార్డు సెక్షన్ పనితనంతో 131 టిక్కులు. చివరి గడి ఖాళీ.

ఆయన గొంతు కాస్త తగ్గించారు. "ఒక్కటి మాత్రం తక్కువొచ్చింది. 792. వచ్చేముందు మూడు రోజులు మీ బేస్‌మెంటంతా వెతికాను, దొరకలేదు. మీరు బాధపడతారని అప్పుడు చెప్పలేదు."

అమ్మాయి పక్కనుంచి నా చెయ్యి గిల్లింది. నేను "పర్లేదు మామయ్యగారూ, ఇక్కడే ఎక్కడో ఉంటుంది, నేను చూస్తాలెండి" అన్నాను.

"సోఫా కింద చూశారా?" అన్నారాయన.

ఇట్లు,
88వ షీటు, తొమ్మిదో జేబు తరఫున,
నీ యజమాని