మౌత్‌వాష్ సంగతి వదిలేశారేం?

మీ వ్యాసంలో బీట్‌రూట్ జ్యూస్ తాగితే చాలు ఎవరైనా వేగంగా పరిగెత్తేస్తారన్నట్టు రాశారు గానీ అసలు మెలిక నోట్లోనే ఉంది, అది వదిలేశారు. బీట్‌రూట్‌లో పనిచేసేది నైట్రేట్ అనే పదార్థం. పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లిన ఆ నైట్రేట్‌లో కొంత మళ్లీ లాలాజలంలోకి వస్తుంది, నాలుక మీది బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారిస్తేనే ఆ తర్వాత ఒంట్లో రక్తనాళాల్ని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ తయారయ్యేది. నేనేమో మూడు వారాలు పరుగుకి ముందు జ్యూస్ తాగడం, నోరంతా ఎర్రగా ఉందని వెంటనే యాంటీబాక్టీరియల్ మౌత్‌వాష్‌తో పుక్కిలించడం, చూడండి నా తెలివి! మూత్రం గులాబీ రంగులో రావడం తప్ప ఇంకేం తేడా లేదు (మొదటి రోజు భలే టెన్షన్ పడ్డాను లెండి).

ఇంకోటి టైమింగ్. రక్తంలో నైట్రైట్ బాగా పెరగడానికి తాగాక 2, 3 గంటలు పడుతుంది, షూ లేసులు కట్టుకుంటూ గటగటా తాగితే ఏం లాభం? 2009లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ల ప్రయోగంలో, ఈ జ్యూస్ తాగాక ఇక తొక్కలేం అనేదాకా సైకిల్ తొక్కిన సమయం 16 శాతం పెరిగిన మాట నిజమే, కాకపోతే అది 8 మంది మగవాళ్ల మీద చేసింది. రేసు టైములో కలిసొచ్చేది మహా అయితే 1 నుంచి 3 శాతం, బాగా ఆరితేరిన అథ్లెట్లకైతే అదీ అనుమానమే.