పేరు గడుల దగ్గర తొందరపడొద్దు

వియత్నాం ఈ-వీసా (ఆన్‌లైన్‌లో ఇచ్చే వీసా) ఏజెంటు లేకుండా ఇంట్లోనే పెట్టుకోవచ్చని మీరు రాసింది నిజమేనండీ, కానీ అప్లికేషన్‌లో పేరు గడుల సంగతి కూడా రాసుంటే బాగుండేది. మాది కావలి. పోయిన సంక్రాంతి తర్వాత అమ్మానాన్నలకు నేనే అప్లై చేశాను. నాన్న పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా కలిపి గివెన్ నేమ్‌లోనే ఉంది, మన పెద్దవాళ్లలో చాలామందికి ఇంతే. నేనేమో అలవాటు కొద్దీ ఇంటిపేరు విడదీసి సర్‌నేమ్‌లో కొట్టేశాను. వీసా వచ్చాక ప్రింటు తీసి పాస్‌పోర్టు పక్కన పెట్టి చూస్తే రెండూ కలవలేదు, గుండె గుభేలుమంది. చెన్నైలో విమానం ఎక్కడానికి ఇంకా ఆరు రోజులే, మధ్యలో శని ఆదివారాలు, వీసా ఇచ్చేవాళ్ల లెక్కేమో పనిదినాల్లో! కట్టిన ఫీజు వెనక్కి ఇవ్వరు, ఇంకో 25 డాలర్లు కట్టి మళ్లీ మొదటి నుంచి పెట్టాం. వీసా చేతికొచ్చేదాకా అమ్మ సరిగా అన్నం తినలేదు.

పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున పెద్దక్షరాలతో రెండు వరుసలు ఉంటాయి చూడండి, మీరు నింపిన పేరును వాటితో అక్షరం అక్షరం పోల్చుకున్నాకే డబ్బు కట్టండి. ఫొటో కళ్లద్దాలు లేకుండా దిగాలి. ఇంకోటి, గూగుల్‌లో పైన కనిపించే సైట్లన్నీ ప్రభుత్వానివి కావు, అడ్రసు చివర గవ్ డాట్ వీఎన్ ఉందో లేదో చూడండి. మా బంధువులొకరు అది చూసుకోక మనిషికి నాలుగింతలు కట్టారు, పాపం.