ఒక్కరోజు మోక్షం, రానూపోనూ

శ్రీశైల శిఖరం చూస్తే మళ్లీ పుట్టుక ఉండదని పెద్దల మాట. ఒక్కసారి చూస్తే చాలు. అయినా కర్నూలు నుంచి ఏటా కార్తీక సోమవారం అవే కుటుంబాలు, అదే తుఫాన్ జీపు, అదే చిత్రాన్నం డబ్బాతో బయల్దేరుతున్నాయి. పోయినేడు దొరికిన మోక్షానికి గడువు తీరిందా, లేక రసీదు పోగొట్టుకున్నారా అనేది పండితులే తేల్చాలి. 2022లో శ్రీశైలం నంద్యాల జిల్లాకు పోయింది గానీ, ఈ హక్కును మాత్రం కర్నూలోళ్లు వదులుకోలేదు.

దారి నందికొట్కూరు, ఆత్మకూరు, దోర్నాల మీదుగా దగ్గరదగ్గర 180 కిలోమీటర్లు. దోర్నాల దగ్గర అడవి గేటు రాత్రి 9కి వేస్తారు, పొద్దున 6కు తీస్తారు. ఈ యాత్రలో మల్లన్న కన్నా ముందు మొక్కాల్సింది ఆ గేటుకే. తెల్లారి 4కు బయల్దేరాలని ముందురోజు ఏకగ్రీవంగా తీర్మానిస్తారు. ఆరున్నరకు బండి కదులుతుంది. ఆత్మకూరులో ఉగ్గాని బజ్జీ దండిగా తిని ఘాట్ ఎక్కడం ఒక ఆచారం. పిల్లోళ్లను జీపు వెనక అడ్డం సీట్లలో కుక్కడం ఇంకో ఆచారం. మలుపులో బండి తోకే ఎక్కువ ఊగుతుంది, అడ్డంగా కూర్చుంటే దారి కనపడదు, పైగా చేతిలో ఫోను. దోర్నాల దాటిన కాసేపటికే బజ్జీ బయటికి వస్తుంది. పిల్లోళ్లను ముందుకు మార్చి, ఫోను గుంజుకుని, అద్దం దించితే ఈ బాధ చానావరకు తగ్గుతుంది. కానీ ముందు సీటు మామది. మోక్షమన్నా వదులుకుంటాడు గానీ మామ ఆ సీటు వదలడు.

తర్కానికి అందనిది ఇంకోటుంది. ఈ దారిలో మోక్షం ముందొస్తుంది, దేవుడు తర్వాత. గుడికి ఎనిమిది కిలోమీటర్ల ఇవతలే శిఖరేశ్వరం. అక్కడ నువ్వులు పోసి, నందిని తిప్పి, రెండు కొమ్ముల సందులోంచి చూస్తే దూరంగా గుడి శిఖరం కనపడాలి. మెలకువంతా ఒకటే: నంది మూతి గుడి దిక్కుకు వచ్చినాక వంగాలి. మనోళ్లు విసుర్రాయి తిప్పినట్టు గిర్రున తిప్పి, అది యాడ ఆగితే ఆడ వంగుతారు. ఒక కన్ను మూసి, నోరు తెరిచి, గడ్డం నంది వీపుకు ఆనించి చూస్తారు. నల్లమల అంతా కనపడుతుంది, శిఖరం తప్ప. మంచు పట్టిందంటే నల్లమలా కనపడదు. వెనక లైను తోస్తా ఉంటుంది.

"కనపడిందా మే?"

"ఆఁ, కనపడింది, పాండి."

అంతే, ఒక జన్మ రద్దు. ఇట్లా పని ముగిసినాక కూడా గుడి దగ్గర మూడు గంటలు లైన్లో ఎందుకు నిలబడతారో అర్థం కాదు.

ఆ తర్వాత హాటకేశ్వరం, ఫాలధార పంచధార. శంకరాచార్యులు తపస్సు చేసిన చోటంటారు, కానీ మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. మోకాళ్లకు అంత వేదాంతం పట్టదు. ఆపైన సాక్షి గణపతి. ఒక చేత కలం, ఒక చేత పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. పేరూ గోత్రం చెప్పుకుంటే, వీళ్లు శ్రీశైలం వచ్చినారని సాక్ష్యం ఆయనే చెబుతాడు. "వచ్చేటప్పుడు చూసుకుందాంలే సార్" అంటాడు డ్రైవరు. స్థలపురాణాలు ఎన్నున్నా డ్రైవరు మాటే ప్రమాణం.

స్పర్శ దర్శనం ఉన్న రోజుల్లో దానికి మగోళ్లకు పంచె తప్పనిసరి. జీన్సు విప్పకుండానే పైన పంచె చుట్టి, తొడల దగ్గర పర్సు, తాళంచెవులు ఉబ్బెత్తుగా కనపడుతుంటే భక్తుడు ముందుకు సాగుతాడు. ఫోన్లు కౌంటర్లో ఇచ్చేయాలి. పది మంది ఫోన్లూ ఒకే సంచిలో వేసి ఒకే టోకెను తీసుకుంటారు. ఆ టోకెను ఉన్నాయన వేరే లైన్లో పోతాడు. బయటికొచ్చినాక గంగాధర మండపం దగ్గర కలుద్దామని ముందే ఒక మాట అనుకుంటే సరిపోయేది. అనుకోరు. ఒకరినొకరు వెతుక్కుంటా ప్రాకారం చుట్టూ తిరుగుతారు. ఆ గోడ నిండా ఏనుగులు, గుర్రాలు, వేటలు, శివుడి కథలు వరుసలు వరుసలుగా చెక్కి ఉన్నాయి. ఒక్కటీ చూడరు. చేతిలో ఫోను లేనప్పుడు శిల్పాన్ని చూసి మాత్రం ఏం చేసుకోవాల?

అసలు దర్శనం మధ్యాహ్నం, డ్యామ్ దగ్గర. పంచాక్షరి తడబడే సీమ మనిషి కూడా 885 అడుగులు, 854 అడుగులు అని తడుముకోకుండా చెబుతాడు. మొదటిది నిండు మట్టం, రెండోది కనీసం అంతన్నా నిలపండని సీమ ఏళ్లుగా మొత్తుకునే మట్టం. 12 గేట్లు ఎత్తేది వరదొచ్చినప్పుడు, ఎక్కువగా జూలై నుంచి అక్టోబరు లోపల. కార్తీకంలో పోయినోళ్లు మూసిన గేట్లు చూసి "ఏముందిలేప్పా" అని మొహం ముడుస్తారు. వరదలో పోయినోళ్లు చప్పట్లు కొడతారు. మన జిల్లా ఊర్లు ముంచి నిలబెట్టిన నీళ్లు కళ్లముందే కిందికి ఉరుకుతుంటే వాటికి వీపు తిప్పి సెల్ఫీ దిగడానికి ఎంత పెద్ద మనసుండాల!

మొక్కజొన్న పొత్తులు, పిల్లోళ్ల బొమ్మలు, ఒకరి చెప్పులు కోతి ఎత్తుకుపోవడం. ఇంతలో ఏడు దాటుతుంది. దోర్నాలకు 50 కిలోమీటర్ల ఘాట్. డ్రైవరు గేటు అని ఒక్క కేక పెడతాడు, పది మందీ ఎక్కేస్తారు. సాక్షి గణపతి గుడి ముందు బండి ఆగదు, కొంచెం నెమ్మదిస్తుంది. గోత్రాలు చెప్పే టైము లేదు. మామ ముందు సీట్లోంచి తల బయటికి పెట్టి అరుస్తాడు:

"సామీ, పది మందిమి! ఏపీ ఇరవై ఒకటి, తుఫాను, రాసుకో!"