'అడ్జస్ట్' శబ్ద విచారణ

తిరుపతి నుంచి చిత్తూరుకు పోయే పల్లెవెలుగు బస్సులో, ముగ్గురి సీటు పక్కన నిలబడి "రవ్వంత అడ్జస్ట్ అవ్వండినా" అని అడిగే నాలుగోవాణ్ణి లోకం చులకనగా చూస్తుంది. ఆ మాటను దాని అసలు అర్థంలో వాడుతున్న పండితుడు ఆ బస్సు మొత్తానికి అతనొక్కడే.

లాటిన్‌లో 'యుక్స్టా' అంటే దగ్గరగా. దానికి ముందు 'అడ్' చేరి, 'దగ్గరికి చేర్చు' అనే అర్థంతో పాత ఫ్రెంచిలోకి దిగి, అక్కణ్ణుంచి ఇంగ్లీషుకు వచ్చింది. ఇందులో 'జస్ట్' ఉంది కదా, న్యాయం ఉండాలి కదా అంటారు ముందొచ్చి కూర్చున్న ముగ్గురు. లేదు. న్యాయమైన అనే అర్థమున్న 'యుస్టుస్' నుంచి పుట్టిందని తర్వాతివాళ్లు పొరబడి ఆ రంగు పూశారు. నాలుగోవాడు ఆలస్యంగా ఎక్కాడనే కదా గొడవ. ఈ మాటలోకి న్యాయం అంతకన్నా ఆలస్యంగా ఎక్కింది.

వంశం కూడా గొప్పదే. 'యుక్స్టా' వెనకున్న ధాతువూ, సంస్కృతంలో 'కలుపు' అనే అర్థమున్న మన 'యుజ్' ధాతువూ ఒకటే. యోగమూ, కాడి అనే అర్థంలో యుగమూ దీని దాయాదులు. (కాడికి రెండే ఎద్దులని రైతుకు తెలుసు. కండక్టరుకు చెప్పినవాళ్లు లేరు.) గుర్రాలెక్కి ఈటెలతో పొడుచుకునే 'జౌస్ట్' పందెమూ, కలపడం అనే అర్థమున్న ఫ్రెంచి 'అజూతే' కూడా ఆ ఇంటి బిడ్డలే. కలపడం, పొడుచుకోవడం, సర్దుకోవడం మూడూ చంద్రగిరి దాటేలోపు ఒకే సీటు మీద జరిగిపోతాయి.

ప్రయోగ విధానం. మొదట పిరుదులో పావు భాగమే అంచున ఆనించాలి, కాళ్లు నడవలో ఉంచాలి. మొదటి బ్రేకుకు అందరూ ఊగినప్పుడు ఇంకో పావు. ఆపైన భుజాల లెక్క: ఒకరు వెనక్కి ఆనుకుంటే పక్కవారు ముందుకు వంగాలి, ఆ పక్కవారు మళ్లీ వెనక్కి. నలుగురూ ఒకేసారి ఆనుకున్నారా, భుజాలు పట్టవు. మలుపులో అంచువాడు నడవ పాలు. కిటికీ పక్కనాయన దిగితే ముగ్గురూ లేవాలి, ఆ సందడిలో వరస మారి అంచువాడు కిటికీకి చేరడమూ కద్దు.

మనం చేర్చిన క్రియాపదాలే ఈ మాటకు ప్రాణం. 'అడ్జస్ట్ చేయి' అంటే డబ్బులు ఇయ్యి. 'అడ్జస్ట్ అవ్వు' అంటే నష్టం నీది. 'అడ్జస్ట్ చేసుకో' అంటే ఇక నన్ను అడగొద్దు. తిరుపతి బస్టాండులో తమిళులు 'పణ్ణుంగ' అనీ, కన్నడిగులు 'మాడి' అనీ చివర మార్చుకుంటారు గానీ, జరగాల్సింది మాత్రం అవతలివాడే.

పూతలపట్టులో ఐదోమనిషి ఎక్కి అదే మాట అడుగుతాడు. అప్పటికి సీట్లో నిండుగా కుదురుకున్న మన పండితుడు ఒక్కసారిగా 'యుస్టుస్' పక్షంలోకి దూకుతాడు.

"ముగ్గురి సీట్లో నలుగురుండామే, ఈడ యాడుందినా జాగా? నాయంగా ఉందా నీకు?"