రొదను పుట్టిన చోటే ఆపాలి

చౌకరకం ఎల్‌ఈడీ డ్రైవర్లు (ఎల్‌ఈడీ దీపాలకి కరెంటు ఇచ్చే సర్క్యూట్లు), పేరూ ఊరూ లేని అడాప్టర్లు రేడియోలో రొద పుట్టిస్తాయి. విప్పి చూస్తే చాలావాటిలో ఒకటే కనిపిస్తుంది. ఏసీ లోపలికి వచ్చే చోట కామన్ మోడ్ చోక్ (ఆ రొదని అడ్డుకునే తీగచుట్ట) కోసం రంధ్రాలుంటాయి, పక్కనే ఎక్స్ కెపాసిటర్‌కి (రెండు ఏసీ తీగల మధ్య రొదని అణిచేదానికి) గీసిన గడి ఉంటుంది. గడి ఖాళీ. చోక్ ఉండాల్సిన చోట రెండు వైరు ముక్కలు. అంటే అది అవసరమని డిజైన్ చేసినవాళ్లకి తెలుసు, బోర్డు మీద చోటు కూడా ఇచ్చారు. ఆ తర్వాత ఖర్చు తగ్గించడానికి తీసేశారు. నాకు కోపం తెప్పించేది ఇదే. తెలియక చేసిన పని కాదిది.

ఇవన్నీ స్విచింగ్ సప్లైలు, అంటే కరెంటుని వేగంగా ఆపుతూ వదులుతూ వోల్టేజీ మార్చేవి. ఈ సప్లైలు ఎక్కువగా పదుల నుంచి ఒకటి రెండు వందల కిలోహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. అంత తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియోని ఏం చేస్తుందని కొందరు వాదిస్తారు. చిక్కంతా స్విచింగ్ అంచుల్లో ఉంది. మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) వందల వోల్టుల్ని పదుల నానోసెకన్లలో మార్చేస్తుంది. అంత నిటారుగా లేచే అంచు నుంచి హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతలు, ఇలా వచ్చేవి) పదుల మెగాహెర్ట్జ్ దాకా పోతాయి. 100 కిలోహెర్ట్జ్ సప్లై అయితే మీడియం వేవ్‌లో ప్రతి 100 కిలోహెర్ట్జ్‌కీ ఒక గరగర. షార్ట్ వేవ్ వినేవాళ్లకి, 7 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడుకునే హామ్‌లకి (సరదాగా సొంత రేడియో నడుపుకునేవాళ్లకి) ఇంక చెప్పక్కర్లేదు, బలహీనమైన స్టేషన్లన్నీ ఆ రొదలో మునిగిపోతాయి.

ఆ రొద బయటికి ఎలా వస్తుందో చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకీ (ఏసీ వైపు చుట్టకీ) సెకండరీకీ (అవుట్‌పుట్ వైపు చుట్టకీ) మధ్య కొద్దిపాటి కెపాసిటెన్స్ తప్పదు. స్విచింగ్ రొద దాని గుండా అవతలికి దూకి అవుట్‌పుట్ వైరు ఎక్కుతుంది. ఆ వైరూ, ఇంటి కరెంటు వైరూ కలిసి యాంటెన్నా అయిపోతాయి. రెండు వైపుల మధ్య పెట్టే వై కెపాసిటర్ పని ఆ కరెంటుని బయటికి పోనివ్వకుండా దగ్గరి దారిలో వెనక్కి పంపడం. రెండు పిన్నుల అడాప్టర్ పెట్టిన ల్యాప్‌టాప్ మెటల్ బాడీని ముట్టుకుంటే సన్నగా చురుక్కుమనేది చాలాసార్లు దీనివల్లే. లీకేజీ కరెంటుకి హద్దు ఉంది కాబట్టి దీని విలువ ఇష్టమొచ్చినట్టు పెంచలేం. దీని స్థానంలో మామూలు కెపాసిటర్ వేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

అందుకే ఫిల్టర్ కంటే ముందు బోర్డు సరిగ్గా ఉండాలి అంటాను. ఇన్‌పుట్ కెపాసిటర్, ట్రాన్స్‌ఫార్మర్, మాస్‌ఫెట్ కలిసి చేసే లూప్ ఎంత చిన్నదైతే అంత మంచిది. దీనికి పైసా ఖర్చు లేదు, గీసేటప్పుడు బుద్ధి పెడితే చాలు. గేట్ రెసిస్టర్ (మాస్‌ఫెట్‌ని నడిపే దారిలో ఉండేది) కొంచెం పెంచితే అంచు మెత్తబడుతుంది, మాస్‌ఫెట్ కాస్త వేడెక్కుతుంది. ఆ మాత్రం వేడిని భరించాలి. డయోడ్ దగ్గర రింగింగ్‌కి (స్విచ్ అయ్యాక మిగిలే ఊగులాటకి) ఆర్‌సీ స్నబ్బర్, అంటే దాన్ని అణిచే రెసిస్టర్, కెపాసిటర్ జత, ఉండాలి.

స్ప్రెడ్ స్పెక్ట్రమ్‌ని గొప్ప పరిష్కారంగా చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. ఫ్రీక్వెన్సీని అటూ ఇటూ ఊపితే 9 కిలోహెర్ట్జ్ వెడల్పుతో కొలిచే మీటర్‌లో శిఖరం తగ్గుతుంది. మొత్తం శక్తి మాత్రం ఇంచుమించు అంతే. ఒక చోట ఉన్న గరగర బ్యాండ్ అంతా పరుచుకుంటుంది. చాలా సప్లైలు 65 కిలోహెర్ట్జ్ ఎంచుకోవడంలోనూ ఇలాంటి లెక్కే ఉంది. అడాప్టర్ల వంటివాటికి వర్తించే సీఐఎస్‌పీఆర్ 32 ప్రమాణంలో వైరు మీది రొదకి హద్దు 150 కిలోహెర్ట్జ్ నుంచి మొదలవుతుంది, రెండో హార్మోనిక్ దానికి కింద 130 దగ్గరే ఆగుతుంది. ఈ సీఐఎస్‌పీఆర్ రేడియో వినేవాళ్లని కాపాడటానికి 1934లో మొదలైన కమిటీ. పరీక్ష పాసవడం ఒకటి, పక్కింటి రేడియో వినపడటం ఇంకొకటి. మొదటిదాంతో ఆగిపోతే ఎలా?

ఇప్పటికే ఇంట్లో ఉన్న అడాప్టర్ అల్లరి చేస్తుంటే, వైరుకి ఒక ఫెరైట్ క్లిప్ (వైరు చుట్టూ బిగించే అయస్కాంత పదార్థపు ముక్క) తగిలించి ఊరుకోకండి. కొన్ని మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కసారి దూర్చిన వైరుకి వచ్చే అడ్డు చాలా తక్కువ. అది చుట్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది, కాబట్టి ఐదు చుట్లు వేస్తే తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లలో దాదాపు 25 రెట్లు. పెద్ద రింగు తీసుకుని, 31 రకం ఫెరైట్ దొరికితే అదే వాడి, వైరు మొత్తాన్ని చుట్టండి, అందులోని తీగల్ని విడదీయకండి. రింగు అడాప్టర్‌కి ఆనుకునే ఉండాలి. అవుట్‌పుట్ వైరుకీ, ఏసీ వైరుకీ రెండింటికీ వేయండి. అప్పటికీ రొద తగ్గకపోతే ఆ అడాప్టర్‌ని వాడటం మానేసి, కొన్నచోటికే తిప్పి పంపండి. రేడియోలో రొద వస్తోందని కారణం కూడా రాసి పంపండి.