పాలక్యాన్లలో దాచిన సాక్ష్యం

1943లో పోలండ్ రాజధాని వార్సాలో యూదులను గోడల మధ్య బంధించిన గెట్టోను నేలమట్టం చేశాక, నాజీల సాయుధ దళమైన ఎస్.ఎస్. అధికారి యూర్గెన్ స్ట్రూప్ తన పైఅధికారులకు ఒక నివేదిక తయారుచేయించాడు. తోలు అట్ట వేయించి, ఫొటోలు అతికించి, పెళ్లి ఆల్బమ్‌కు పెట్టినంత శ్రద్ధ పెట్టాడు. ‘వార్సాలో యూదుల వాడ ఇక లేదు’ అని దానికి శీర్షిక. నాజీల లెక్క తప్పకపోయి ఉంటే ఆ వాడ గురించి ప్రపంచానికి మిగిలే కథ అదొక్కటే అయ్యేది. చంపినవాడి చేతిలోనే చరిత్ర కూడా ఉండిపోయేది. ఆ లెక్క తప్పించినవాళ్లు అదే వాడలో ఉన్నారు. సుమారు 60 మంది రెండేళ్లకు పైగా రహస్యంగా కాగితాలు పోగుచేసి, భూమిలో పాతిపెట్టారు. వాళ్లు చేసినదాన్ని ప్రతిఘటన అనే పిలవాలని మా పత్రిక నమ్ముతోంది.

1940 నవంబరు 16న గెట్టో గోడలు మూసేశారు. మరుసటి ఏడాది వసంతం నాటికి మూడున్నర చదరపు కిలోమీటర్లు కూడా లేని చోట దాదాపు 4 లక్షల 60 వేల మందిని కుక్కారు. యూదులకు ఇచ్చే రేషన్ మనిషికి రోజుకు సుమారు 200 కేలరీలే. ఒక ఇడ్లీల ప్లేటుతో రోజంతా బతకమన్నట్టే. 1942 మధ్యకల్లా ఆకలికీ టైఫస్‌కూ 83 వేల మంది చనిపోయారు.

ఆ రేషన్‌తో నిజానికి అందరూ చనిపోవాలి. మిగిలినవాళ్లు బతికింది దొంగచాటుగా వచ్చిన తిండి వల్ల. గోడ కిందున్న కంతల్లోంచి ఏడెనిమిదేళ్ల పిల్లలు అవతలికి పాకి వెళ్లి, చొక్కాల కింద బంగాళాదుంపలు దాచుకుని వచ్చేవారు. దొరికితే కాల్చేసేవారు. అయినా మర్నాడు మళ్లీ వెళ్లేవారు, ఇంట్లో అమ్మానాన్నలు వాళ్ల మీదే ఆధారపడ్డారు గనక. ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఇళ్లవాళ్లు కమిటీలు వేసుకుని చందాలు వసూలు చేశారు, గంజి కేంద్రాలు నడిపారు, బడులు నిషేధిస్తే గదుల్లో తలుపులు వేసుకుని పాఠాలు చెప్పారు. ‘లక్షల మంది నోరెత్తకుండా చావుకు ఎలా నడిచారు’ అని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. ఆ ప్రశ్న మాకు బాధ కలిగిస్తుంది. బతకడమే నేరమైన చోట పక్కవాడికి ఒక గిన్నె సూప్ అందించడం ఎంత పెద్ద తిరుగుబాటో ఆలోచించాలి.

ఈ మొత్తాన్ని రాసిపెట్టాలని పట్టుబట్టినవాడు ఇమ్మానుయేల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు. పగలంతా సహాయ సంఘం పని చూసుకుని, రాత్రిళ్లు రాసుకునేవాడు. ఆయన బృందం యూదుల విశ్రాంతి దినమైన శనివారాల్లో కలుసుకునేది. అందుకే ‘ఓనెగ్ షబ్బత్’ (విశ్రాంతి దినపు ఆనందం) అని పేరు పెట్టుకున్నారు. అందులో మతగురువులున్నారు, కమ్యూనిస్టులున్నారు, టీచర్లు, విలేకరులు, ఆర్థికవేత్తలు ఉన్నారు. వాళ్లు డైరీలతో ఆగలేదు. రేషన్ కార్డులు, ట్రామ్ టికెట్లు, చాక్లెట్ కాగితాలు, గోడపత్రికలు, బడిపిల్లల వ్యాసాలు, గెట్టోలో రహస్యంగా అచ్చయిన పత్రికల కాపీలు, అన్నీ దాచారు. పత్రిక నడిపేవాళ్లుగా మాకు ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. పట్టుబడితే ప్రాణం పోతుందని తెలిసీ, కాగితం దొరకని చోట, తిండి లేనివాళ్లు వార్తలు రాసి అచ్చువేసి పంచారు.

మమ్మల్ని అన్నిటికంటే కదిలించేది ఆ బృందం నిజాయతీ. తమవాళ్ల తప్పులు కూడా వాళ్లు దాచలేదు. గెట్టోలో నాజీలు పెట్టించిన యూదు పోలీసులు లంచాలు తినడం గురించి రాశారు. వీధిలో పిల్లల శవాలు పడి ఉంటే రెస్టారెంట్లలో భోంచేసిన డబ్బున్నవాళ్ల గురించి రాశారు. నాజీల ఆజ్ఞలతో గెట్టోను నడిపిన యూదు మండలి పేదలను ముందుగా లేబర్ క్యాంపులకు పంపిన తీరునూ వదల్లేదు. చావు అంచున ఉన్న సమాజం తనను తాను గొప్పగా చూపించుకోవాలనుకుంటే ఎవరూ తప్పుపట్టరు. వాళ్లు ఆ వెసులుబాటు తీసుకోలేదు. ఈ రికార్డును ప్రచారమని కొట్టిపారేయడం ఇవాళ ఎవరికీ సాధ్యం కాకపోవడానికి అదే పెద్ద కారణం.

1942 జనవరిలో ఖెల్మ్నో హత్యాకేంద్రం నుంచి ఒక యువకుడు తప్పించుకుని వార్సా చేరాడు. లారీల్లోకి పొగ వదిలి మనుషులను చంపుతున్నారనీ, తన చేతులతోనే ఆ శవాలను పూడ్పించారనీ చెప్పాడు. హెర్ష్ వాసర్, బ్లూమా వాసర్ దంపతులు అతని మాటలు రాసుకున్నారు. పోలండ్ రహస్య ఉద్యమం ద్వారా ఇలాంటి సమాచారం లండన్ చేరింది. జూన్‌లో బీబీసీ పోలండ్ యూదుల హత్యల గురించి చెప్పింది. లోకానికి తెలిస్తే ఆగుతుందని రింగెల్‌బ్లూమ్ ఆశపడ్డాడు. జులై 22న రైళ్లు మొదలయ్యాయి. సెప్టెంబరు 21 నాటికి సుమారు 2 లక్షల 65 వేల మందిని ట్రెబ్లింకా హత్యాకేంద్రానికి తీసుకెళ్లి చంపేశారు. వార్త చేరింది, సాయం రాలేదు. మిత్రదేశాల ప్రభుత్వాల మీద ఈ మచ్చ ఉంది, దాన్ని కప్పిపుచ్చకూడదు.

ఆ రైళ్లు నడుస్తుండగానే ఆగస్టు మొదట్లో ఒక బడి భవనం కింద పది ఇనప పెట్టెలు పాతారు. పాతినవారిలో దావిద్ గ్రాబర్ అనే కుర్రాడికి 19 ఏళ్లు. లోకానికి అరిచి చెప్పలేకపోయినదాన్ని భూమిలో పాతిపెట్టామని అతను రాసిపెట్టాడు. అతనితో ఉన్న టీచర్ ఇజ్రాయెల్ లిఖ్టెన్‌స్టైన్ తన భార్య, చిత్రకారిణి గేలా సెక్‌స్టైన్ బొమ్మలనూ అందులో పెట్టాడు. తమ 20 నెలల పాప మార్గలిత్‌ను గుర్తుంచుకోమని కోరాడు. ముగ్గురిలో ఎవరూ బతకలేదు.

1943 ఏప్రిల్ 19న మొదలైన సాయుధ తిరుగుబాటు అందరికీ తెలిసిందే. కొన్ని వందలమంది యువతీయువకులు, చేతిలో పిస్తోళ్లు, నాటు బాంబులతో దాదాపు నెల రోజులు జర్మన్ సైన్యాన్ని నిలువరించారు. వాళ్ల నాయకుడు మొర్దెఖాయ్ అనీలెవిచ్‌కు పాతికేళ్లు కూడా నిండలేదు. రింగెల్‌బ్లూమ్‌ను ఒక పోలిష్ కుటుంబం తమ తోట కింది నేలమాళిగలో దాచింది. 1944 మార్చిలో ఆ చోటు బయటపడింది. ఆయననూ, భార్యనూ, కొడుకునూ, దాచిన పోలిష్ మనుషులనూ కలిపి చంపేశారు.

ఆ బృందంలో మిగిలింది వాసర్ దంపతులు, గంజి కేంద్రం నడిపిన రచయిత్రి రాఖెల్ ఔర్‌బాఖ్. తవ్వాల్సిందేనని రాఖెల్ వెంటపడి అడిగారు. నగరమంతా ఇటుకల గుట్టగా మారడంతో ఆ బడి ఎక్కడుందో పోల్చుకోవడమే కష్టమైంది. 1946 సెప్టెంబరులో పెట్టెలు దొరికాయి. ఆ తర్వాత పాతిన రెండో భాగం 1950 డిసెంబరులో రెండు పాలక్యాన్లలో దొరికింది. చివరగా పాతిన మూడో భాగం ఇప్పటికీ దొరకలేదు. దొరికినవి సుమారు 35 వేల పేజీలు, 1999లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. స్ట్రూప్ నివేదిక ఏమైందంటే, న్యూరెంబర్గ్ కోర్టులో నాజీల మీదే సాక్ష్యంగా నిలిచింది. 1952లో అతన్ని వార్సాలోనే ఉరితీశారు.

ఇదంతా మన తెలుగు పాఠకులకు ఎందుకంటే, మన ఇళ్లలో కఠినంగా ఉండే తండ్రికీ, బెత్తం పట్టుకునే హెడ్మాస్టరుకూ ‘హిట్లర్’ అని ముద్దుగా పేరు పెడతాం. దేశంలో పుస్తకాల షాపుల్లో అతని ఆత్మకథ వ్యక్తిత్వ వికాసం పుస్తకాల పక్కన అమ్ముడవుతోంది. క్రమశిక్షణ గల నాయకుడని పొగిడే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. వాటిని షేర్ చేసే కుర్రాళ్లలో చాలామందికి చెడ్డ ఉద్దేశం ఉండదు. వాళ్లకు మార్గలిత్ గురించి ఎవరూ చెప్పలేదు, అంతే. హైస్కూలు సాంఘికశాస్త్రంలో నాజీజం పాఠం ఉంది గానీ, పరీక్ష కోసం బట్టీపట్టే చదువులో హిట్లర్ జీవితమే గుర్తుండిపోతుంది.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలను మేము కోరేది పెద్ద ఖర్చు లేని పని. వార్సాలోని యూదు చరిత్ర సంస్థ ఈ కాగితాలను ఇంటర్నెట్‌లో అందుబాటులో ఉంచింది. వాటిలోంచి ఒక బడిపిల్ల వ్యాసం, ఒక రేషన్ కార్డు, గ్రాబర్ రాసిన పేజీ తెలుగులోకి తెచ్చి ఆ పాఠం పక్కన పెట్టాలి. వాటిని పరీక్ష ప్రశ్నలుగా మార్చకుండా, ఒక పీరియడ్ కేటాయించి తరగతిలో పైకి చదివించాలి. వచ్చే విద్యా సంవత్సరానికే ఇది మొదలుకావాలి.